ఎడమ చెయ్యి ఎత్తితే ఆగాలి

మా దుకాణం పై అంతస్తులో ఉండే పళ్ల డాక్టరు గారి చూపుడు వేలిని నేను ఒక మంగళవారం ఉదయం పదకొండున్నరకు కొరికాను. ఆవిడ మీద నాకు కోపమేమీ లేదు. అప్పటికి మా ఇద్దరికీ ఉన్న పరిచయమల్లా, ఆవిడ కాగితాలకు నేను జిరాక్స్ తీసివ్వడమే. ఆవిడ నా నోట్లో వేలు పెట్టారు, నేను నోరు మూశాను. జరిగింది అంతే. ఆవిడ వేలు వెనక్కి తీసుకుని, కుళాయి కింద కడుక్కుని, కొత్త గ్లౌజు తొడుక్కుని వచ్చి మళ్లీ నా పక్కన కూర్చున్నారు.

"నొప్పి వేస్తే ఎడమ చెయ్యి ఎత్తమన్నానండీ. నోరు మూయమనలేదు."

ఎడమ చేతిలో ఫోను ఉందని చెప్పబోయాను. సగం దవడ మొద్దుబారి ఉండటం వల్ల మాటకు బదులు కాస్త నురగ వచ్చింది. ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసి తన కోటు జేబులో వేసుకున్నారు.

"ఇప్పుడు చెయ్యి ఖాళీ. మీరెత్తితే నేనాగుతాను. కావాలంటే పరీక్షించుకోండి."

ఎత్తాను. ఆగారు. కాసేపటికి, అవసరం లేకపోయినా, ఇంకోసారి ఎత్తాను. ఆగారు. మూడోసారి ఎత్తితే, "ఇది ఆట కాదండీ" అని విసుక్కున్నారు కానీ, విసుక్కుంటూ కూడా ఆగారు.

ఆవిడకు యాభై నాలుగేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ రెండు గదుల్లోనే పని. బయటి గదిలో బెంచీ, పాత పత్రికలు, చీటీలు రాసే నర్సు. లోపలి గదిలో కుర్చీ. దాని కుడి చేతి పట్టీ చిరిగినప్పుడు నల్ల రెక్సిను దొరక్క ఎర్రది వేయించారు, అది అలాగే ఉండిపోయింది. సూదిని గడ్డం కింది నుంచి తెస్తారు, కంటికి కనబడనివ్వరు. అద్దాన్ని గోరువెచ్చని నీళ్లలో ముంచి గానీ నోట్లో పెట్టరు. దీపం కళ్లలో పడితే మనం చెప్పకముందే పక్కకు తిప్పుతారు.

ఈ ఎడమ చెయ్యి పద్ధతి ఎక్కడిదని ఒకసారి అడిగాను.

"నాకు ఎనిమిదేళ్లప్పుడు పన్ను పీకించారండీ. నలుగురు పట్టుకున్నారు, ఐదో ఆయన పీకాడు. నొప్పి ఆ సాయంత్రానికే మర్చిపోయాను. ఆపమని అరుస్తుంటే ఐదుగురిలో ఒక్కరూ ఆగలేదే, అది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు."

ఆవిడ చెల్లెలి కొడుకు ఒకడున్నాడు. చిన్నప్పుడు బడి వదలగానే ఆ బెంచీ మీదే కూర్చుని హోంవర్కు చేసుకునేవాడు. లోపలి నుంచి వినబడే మిషను చప్పుడుకి వాడిలో ఏం మొలకెత్తిందో గానీ, పెరిగి పెద్దవాడై హింస సినిమా తీస్తానని బయలుదేరాడు. ముసుగు వేసుకున్న ఒక రాక్షసుడు మనుషుల్ని ఎత్తుకొచ్చి, కుర్చీకి కట్టేసి, ఒక్కొక్క పన్నే పీకుతూ రహస్యం చెప్పమంటాడు. అదీ కథ.

"ఏం రహస్యంరా?" అని అడిగారు డాక్టరమ్మ.

"అది రెండో భాగంలో తెలుస్తుంది పెద్దమ్మా."

ఒక్క ఆదివారం కుర్చీ ఇమ్మని వాడు, ఇవ్వమని చెల్లెలు, ఇద్దరూ కలిసి పట్టుబట్టారు. కుర్చీని ఎవరూ పోల్చుకోలేకుండా తీస్తానని వాడు మాటిచ్చాడు. పెద్దమ్మ మెత్తబడ్డారు.

దీపాలకు మా దుకాణం నుంచే వైరు లాగారు కాబట్టి, కాపలా అనే వంకతో నేనూ వెళ్లి నిలబడ్డాను. రాక్షసుడి వేషం కట్టినాయన తలుపుకి అడ్డం పడేంత మనిషి. పన్ను పీకే పట్టకారుని పైపులు బిగించే రెంచిలా పట్టుకున్నాడు. పళ్లెంలో సూది చూశాక కళ్లు తిరుగుతున్నాయని వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు.

"పెద్దమ్మా, చేతులు మాత్రమే కనబడతాయి. నువ్వు చేసెయ్యవూ?"

ఆవిడకు నల్ల గ్లౌజులు, నల్ల కోటు తొడిగారు. బాధితుడు ఆ అబ్బాయి స్నేహితుడే. రెండు చేతుల్నీ తోలు పట్టీలతో కట్టేశారు. డాక్టరమ్మ చూశారు.

"ఎడమ చెయ్యి విప్పండి."

"ఇది హింస సీను పెద్దమ్మా!"

"హింస నీది. కుర్చీ నాది. విప్పు."

విప్పారు. కెమెరా తిరిగింది. పట్టకారు నోటి దగ్గరకు వెళ్లింది, స్నేహితుడు ప్రాణం పోతున్నట్టు కేక పెట్టి ఎడమ చెయ్యి పైకి విసిరాడు. నల్ల చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"కట్! ఎందుకాగావు?"

"చెయ్యెత్తాడు కదరా."

రెండోసారీ అంతే. మూడోసారి ఆగడమే కాక, దూదితో వాడి పెదవి అంచు తుడిచారు. నాలుగోసారి దీపం పక్కకు తిప్పారు.

"నువ్వు రాక్షసివి పెద్దమ్మా! రాక్షసులు ఆగరు!"

"సరే, ఈసారి ఆగనులే."

ఐదోసారి ఆగారు. ఈమాటు ఆవిడే తన చేతి వంక ఆశ్చర్యంగా చూసుకున్నారు. "నేను ఆగలేదురా. చెయ్యే ఆగింది."

చివరికి, చెయ్యెత్తొద్దని స్నేహితుడికే చెప్పారు. వాడు అప్పటికే సుఖం మరిగాడు. ఏ కాస్త ఇబ్బంది అనిపించినా చెయ్యెత్తేస్తున్నాడు. సాయంత్రమైంది. తెల్లారితే రోగులు వస్తారు, గది కడగాలి. ఎడిటింగులో చూసుకుంటానని అబ్బాయి సామాను సర్దుకున్నాడు.

మూడు నెలల తర్వాత ఎదుటి గోడ మీద పోస్టరు పడింది. సినిమా పేరు 'నోరు తెరువు'. పేరు కింద మనిషెత్తు కుర్చీ, దాని నిండా కంప్యూటరులో పోసిన నెత్తురు. దానికి ఎర్ర చేతి పట్టీ.

వారం తిరక్కుండా పైన బెంచీ ఖాళీ అయింది. రోగులు ఫోన్లు చేసి మర్యాదగా తప్పుకున్నారు. ఒకరికి పన్ను దానంతటదే కుదురుకుంది. ఒకరికి ఊరు ప్రయాణం పడింది. ఇంకొకాయన పన్ను పోటుకి ధ్యానం చేస్తున్నానన్నాడు. నర్సు పుస్తకంలో పేర్లు కొట్టేస్తుంటే, డాక్టరమ్మ బెంచీ మీద కూర్చుని పాత పత్రికలు తిరగేస్తూ, "ఇన్నేళ్లూ వీటినా మనం జనానికి పెట్టింది!" అని నొచ్చుకున్నారు.

కానీ ఆవిడ దిగులంతా ఒక్క మనిషి గురించి. సిటీ బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. నిండు బస్సుని సందుల్లో అలవోకగా తిప్పేవాడు, డాక్టరు మెట్లు మాత్రం ఎక్కలేడు. రెండుసార్లు సగం దాకా వచ్చి దిగిపోయాడు. దవడ పన్ను పుచ్చి చీము పట్టింది. నేనూ ఆవిడా వంతులేసుకుని బతిమాలితే గురువారం వస్తానన్నాడు. వచ్చాడు కూడా. మా దుకాణం ముందు నిలబడి, ఎదుటి గోడ చూసి, అటునుంచటే వెళ్లిపోయాడు.

ఆవిడ ఫోను చేస్తే, "తగ్గిపోయిందండీ" అన్నాడట, నోట్లో ఏదో కుక్కుకున్నట్టున్న గొంతుతో.

"తగ్గడమా! వాపు అలా మెడలోకి దిగితే పన్నుతో పోదండీ, ప్రాణం మీదకొస్తుంది," అన్నారు నాతో. మర్నాటి నుంచి ఆయన ఫోను ఎత్తడం మానేశాడు. ఆవిడ మానలేదు. పూటకోసారి మోగించి, పెట్టేసి, కిటికీలోంచి పోస్టరు వంక చూసేవారు. చెల్లెలి కొడుకుని మాత్రం ఒక్క మాటా అనలేదు. వాడి మొదటి సినిమా కదా.

ఆ పై వారం శుక్రవారం సినిమా విడుదలైంది. మధ్యాహ్నం ఆటకి ఆవిడ, నర్సు, నేను వెళ్లాం. అంత నీరసమైన సినిమా నేను ఈమధ్య చూడలేదు. ముసుగాయన నడుస్తాడు, తలుపు కిర్రుమంటుంది, మళ్లీ నడుస్తాడు. హాల్లో చాలామంది ఫోన్లు తీశారు. పన్ను ఎప్పుడు పీకుతాడా అని ఎదురుచూసి ఎదురుచూసి నాకు ఆవులింతలొచ్చాయి. అప్పుడొచ్చింది కుర్చీ సీను.

పట్టకారు లేచింది. సంగీతం హోరెత్తింది. చెయ్యి పైకి లేచింది. రాక్షసుడు ఆగాడు. ఫోన్లు తీసినవాళ్లు తలెత్తారు. రాక్షసుడు దూదితో మూతి తుడిచాడు. దీపం పక్కకు తిప్పాడు. భుజం తట్టాడు.

వెనక నుంచి ఎవరో, "అన్నా, నీ క్లినిక్కెక్కడ?" అని అరిచారు. ఇక నవ్వులే నవ్వులు. నర్సు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ సీట్లో కిందికి జారిపోయారు.

మా ముందు రెండో వరుసలో కొందరు డ్రైవర్లున్నారు. వాళ్ల మధ్య తలకీ గడ్డానికీ మఫ్లరు చుట్టుకున్న ఒకాయన నవ్వాడు, వెంటనే చెంప పట్టుకుని మూలిగాడు. మా బస్సు డ్రైవరే. "నీ డాక్టరు కుర్చీ సినిమాలోకొచ్చిందిరా, చూద్దువుగాని పద" అంటూ డిపో వాళ్లు లాక్కొచ్చినట్టున్నారు. నేను లేవబోతే ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్నారు.

"వద్దు. ఇప్పుడు పలకరిస్తే పరిగెడతాడు. చూడనివ్వండి."

ఆయన చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నా ఆయన మాత్రం నవ్వడం ఆపేసి, మెడ ముందుకు చాచి, తెర మీద గాలిలో ఆగిన ఆ నల్ల చెయ్యిని చూశాడు. మిగతా హాలు మొత్తానికీ అది సినిమాలో తప్పు. ఆయనకి మాత్రం అది ఒక కబురు. మనం భయపడేది నొప్పికే అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నా ఫోను జేబులో వేసుకున్న రోజున ఆవిడ నాకు నేర్పింది వేరే. ఆపమంటే ఆగుతారని తెలిస్తే మనిషి ఎంతో ఓర్చుకుంటాడు. పాపం ఆ అబ్బాయి భయాన్ని పట్టకారులో వెతికాడు. భయాన్ని పుట్టించే ఆ ఒక్క పనీ చెయ్యడానికి వాళ్ల పెద్దమ్మ చెయ్యి ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి డ్రైవరు పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ సినిమాలో ఆ చేతులు ఎవరివండీ?" అని అడిగాడు, అక్షరాలు నలుగుతున్నాయి.

"ఎందుకు?"

"ఆయనైతే చూపించుకుంటాను."

లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాను. డాక్టరమ్మ అద్దం గోరువెచ్చని నీళ్లలో ముంచారు, దీపం పక్కకు తిప్పారు. ఆయన ఆ చేతుల వంక చూసి, ఆవిడ మొహం వంక చూసి, మఫ్లరు విప్పాడు. ఎర్ర పట్టీ మీద కుడి చెయ్యి వేశాడు. ఎడమ చెయ్యి మొదటి పావుగంటలో ఆరుసార్లు లేచింది. ఆరుసార్లూ ఆగారు. తర్వాత లేవలేదు. చీమునంతా తీసేసరికి ఆయన మొహం మళ్లీ మొహంలా కనబడింది. పన్ను తీసేముందు మత్తు ఎక్కాలని ఆవిడ చూస్తుండగా, మెట్లు దబదబలాడించుకుంటూ చెల్లెలి కొడుకు వచ్చిపడ్డాడు. రాత్రంతా నిద్రలేని కళ్లు.

"పెద్దమ్మా, నా కొంప ముంచావు! హింస సినిమాకొచ్చి జనం పడీపడీ నవ్వుతున్నారు. నీ చేతుల్ని చూసి ఈ ఊళ్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా భయపడలేదు!"

ఆవిడ తల తిప్పకుండానే అన్నారు: "భయపడేవారు ఒక్కరే ఉండేవారురా, ఆయనా వచ్చి కూర్చున్నారు."