చిన్నబాపు బిగించిన చైను

మా చిన్నబాపు, అంటే నాన్న తమ్ముడు, పోయిన శుక్రవారం కాక అంతకు ముందు శుక్రవారం చనిపోయారు. బజారుకని ఎక్కిన ఆటోలోనే కూలిపోయారు. కరీంనగర్ ఆస్పత్రికి చేర్చేలోగా అంతా అయిపోయింది. నాకు మాత్రం దానికి రెండు రోజుల ముందటి ఉదయమే మనసులో తిరుగుతోంది.

ప్రార్థన ముగించుకుని, పక్కింట్లో ఉండే ఆయనకు చాయ్ తీసుకుపోయాను. వాకిట్లో పీట మీద కూర్చుని, తెగిపోయిన బైకు చైనును కిరోసిన్‌లో ముంచి, పాత బ్రష్షుతో ఒక్కో లింకూ కడుగుతున్నారు.

"తెగినదాన్ని కడిగి ఏం జేస్తవ్ చిన్నబాపూ?"

"చేతులు ఊకుంటలేవు బిడ్డా."

ఆయన బొగ్గుగని వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కడి యంత్రాలు అదిరి అదిరి బోల్టులు వదులవుతాయి. అందుకని ఏది బిగించినా చివర స్పానరుతో ఇంకో పట్టు పట్టేవారు. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. ఆయన బాగుచేసిన మా నల్లా తిప్పాలంటే ఇప్పటికీ రెండు చేతులు కావాలి.

ఆయన ఒక్కగానొక్క కొడుకు, మా తమ్ముడు, మట్టి ట్రాకుల మీద బైకు పందేలకు పోతాడు. బండి గొప్పదా, నడిపేవాడు గొప్పా అని ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి వాదన.

"బండి మంచిగుంటె ఎవడైన గెలుస్తడు బాపూ."

"అయితే మీ అక్కను కూసోబెట్టు. గెలుస్తదేమొ చూద్దాం!"

చిన్నబాపు బయటివాళ్ళతో కూడా "ఇనుముదేమున్నది, అంతా మావోని చెయ్యే" అనేవారు.

నెల కిందట ఆదిలాబాద్ వైపు జరిగిన పందెంలో, రెండో స్థానంలో పోతుండగా తమ్ముడి బండి చైను తెగింది. ఇంటికొచ్చి "బండే ముంచింది" అన్నాడు. "ఊకె యాక్సిలేటరు గుంజి నువ్వే తెంపినవ్" అన్నారు చిన్నబాపు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. తమ్ముడు బండి అమ్మకానికి పెట్టాడు.

ఆ ఉదయం చిన్నబాపు తల ఎత్తకుండానే చెప్పారు. "మట్టిల ఎగిరి పడే బండికి చైను వదులుండాలె. వాడు వదులుగనే పెట్టుకున్నడు. నాకు మనసొప్పలే. పందెం ముందట వాడు చూడకుంట ఇంకో పట్టు పట్టిన. అందుకే తెగింది."

"వానికి చెప్పరాదూ?"

"ఆదివారం మందిరం నుంచి వచ్చినంక చెప్త తియ్."

ఆదివారం దాకా ఆయన లేరు.

చిన్నబాపు కోసం చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో అందరూ ఆయన పనితనాన్నే మెచ్చుకున్నారు. నేను లేచి ఏమని చెప్పను? చెబితే పోయిన మనిషి పేరు చెడుతుంది. చెప్పకపోతే, బాపు తనను చేతకానివాడని అనుకుంటూనే పోయాడన్న బాధ తమ్ముడికి ఉండిపోతుంది. మోకరించినా ప్రార్థన నిలవలేదు. అటు తమ్ముడు కూర్చోడు, పడుకోడు. గేటు దాకా పోతాడు, వస్తాడు.

నిన్న మధ్యాహ్నం, బండి కొనేవాడు తెల్లారి వస్తానని ఫోన్ చేశాడు. ఇక ఆగలేక చిన్నమ్మ ముందే తమ్ముడికి చెప్పేశాను.

వాడు గేటు వైపు పోబోయి వెనక్కి తిరిగాడు. "నాకెరుకే అక్కా. ఎక్కంగనే తెలిసింది బిగుసుకున్నదని. దిగి చూసుకుంటె అయిపోతుండె. బాపు చెయ్యి పడ్డదని దిగలే. తప్పు నాదే."

"మరి బండి ముంచిందన్నవ్?"

"బాపు అనలేక బండి అన్న."

అప్పుడు ఏడ్చాడు. మట్టి ఇచ్చిన రోజు కూడా ఏడవనివాడు. "ఒప్పుకున్నడా? నిజంగ నీతోని అన్నడా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఆయన అన్న మాటలన్నీ అన్నట్టే మూడుసార్లు చెప్పాను.

చిన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "తండ్రీకొడుకులు ఇద్దరికిద్దరు. మిమ్ముల నమ్ముకుంటె అయినట్టే" అంది.

సాయంత్రం ముగ్గురం కూర్చుని తేల్చుకున్నది ఇదీ: కొనేవాణ్ణి రావద్దనాలి. వానలు తగ్గాక తమ్ముడు మళ్ళీ పందేనికి పోవాలి. బయలుదేరే ముందు వాడు బరువంతా పెట్టి బండి మీద కూర్చోవాలి. చిన్నమ్మ చైను కింద వేలు పెట్టి చూడాలి. అది వదులుగా ఆడితేనే పోనివ్వాలి.