బ్లీచింగ్ బస్తా మీద కూర్చున్న రోజు

మా ఆయన పోయాక నాకు మిగిలింది కాలువ గట్టు కింద కౌలుకు చేసుకునే తోటకూర మడి ఒక్కటే. తెనాలి ఊళ్లో మురుగంతా ఒక చోట చేరి, అక్కడ శుభ్రపడి, మా కాలువలోకి వచ్చేది. ఆ చోటును మేము ఫిల్టరు అనేవాళ్లం. అక్కడి తొట్లలో గాలి కొట్టే మోటారు తిరిగినన్నాళ్లు నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా వచ్చేవి. మోటారు ఆగితే నల్లగా దిగేవి, మట్టగిడస చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేవి.

మురుగు నీళ్ల కూర అమ్ముతావా అని బజారులో ముక్కు విరిచినవాళ్లు ఉన్నారు. ఆ మురుగు వాళ్ల ఇళ్లలోదే. నేను వదిలింది కాదు.

ఒక వేసవిలో మోటారు కాలింది. అక్కడ పనిచేసే ఆపరేటరు నన్ను పిన్నీ అని పిలిచేవాడు. ఎప్పుడడిగినా, "పైకి రాశాం పిన్నీ, వస్తుంది" అనేవాడు. నెల దాటింది. ఇంతలో పెద్ద సారు చూడటానికి వస్తున్నారన్నారు. మన వైపు సారు వస్తున్నాడంటే రోడ్డుకు సున్నం గీత, కాలువకు బ్లీచింగ్ పౌడరు. వాసన తెలియకుండా నీళ్లు బయటికొచ్చే తూము దగ్గర బస్తాలు గుమ్మరించారు. అది తెలియక నేను ఆ పొద్దున మడికి నీళ్లు పెట్టుకున్నాను. సారు వచ్చి పోయాడు. మర్నాటికి ఆకులు అంచుల్లో తెల్లబడి వాలిపోయాయి. కాలువలో చేపలు వెల్లకిలా తేలాయి.

వాడిన కట్టలు తీసుకుపోయి ఆపరేటరు ముందు పడేశాను.

"ఏంటయ్యా ఇది?"

"ఎండకి వాడింది పిన్నీ."

"ఎండ నా మడికే కాసిందా? పక్కన బోరు నీళ్ల గోంగూర పచ్చగా ఉందే."

"కూరకి కూడా స్నానం చేయించాం అనుకో" అని నవ్వాడు.

"మీ సారుకి చేయించు."

అతని నవ్వు ఆగింది. "వాసనొస్తే నన్నే అంటారు పిన్నీ. నా ఉద్యోగం పోద్ది" అన్నాడు. నిజమే కావచ్చు. అతనికి ఉద్యోగం, నాకు మడి. నేను మళ్లీ దున్ని విత్తనాలు చల్లాను.

మొలకలు రెండాకుల మీద ఉండగా ఒక పొద్దున రోడ్డు నుంచి ఫిల్టరు గేటు దాకా తెల్లగా సున్నం గీత కనపడింది. సారు మళ్లీ వస్తున్నాడని నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కొడవలి మడిలోనే వదిలేసి పోయాను. తూము పక్కన మూతి విప్పిన బస్తా ఉంది. దాని మీద కూర్చున్నాను.

"లే పిన్నీ, నీకు దండం పెడతా."

"దండం దేవుడికి పెట్టుకో."

"చీర పాడవుద్ది."

"పోనీ."

"పోలీసుల్ని పిలుస్తా."

"ఆడపోలీసుని పిలువు. మగాడు చెయ్యేస్తే ఊరుకోను."

అతను నెత్తి పట్టుకున్నాడు. ఇంతలోనే జీపు వచ్చింది. సారు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దిగి, "ఎవరీవిడ?" అన్నాడు.

"పిచ్చిదండి, పోదు" అన్నాడు ఆపరేటరు.

"పిచ్చిదాన్నేనండి. ఆ నీళ్లు చూడండి. మీరు రాని రోజు కూడా ఇట్లాగే ఉంటాయి. మీరొస్తే మందు పోస్తారు, నా కూర చస్తుంది."

సారు అతని వైపు తిరిగాడు. "మోటారు పాడై ఎన్నాళ్లయింది?"



"అతన్ని అనకండి సార్" అన్నాను. "పైకి రాశాడంట. పైన అంటే మీరే కదండి."

సారు రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కాసేపు ఆ నల్లటి నీళ్ల దగ్గరే నిలబడి జీపెక్కాడు. జీపు మలుపు తిరిగేదాకా నేను బస్తా దిగలేదు. తొడల మీద చర్మం కాలి రెండు రోజులు మంట.

కొన్నాళ్లకు కొత్త మోటారు వచ్చింది. దాంతోపాటే, నన్ను గేటు లోపలికి రానివ్వొద్దని కబురు కూడా. ఆపరేటరు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడుతూ మడి దగ్గరికొచ్చాడు.

"గేటుతో నాకేం పనయ్యా?" అన్నాను. "నీళ్లు నా దగ్గరికే వస్తాయి. నల్లగా వచ్చిన రోజు నేనూ వస్తా."