లెక్కలో వేయని ఇరవై నిమిషాలు

మొన్న పోర్ట్ బ్లెయిర్ నుంచి బాంబూఫ్లాట్‌కు వచ్చే ఫెర్రీలో, అబర్డీన్ బజార్‌లో కొన్న చింతపండు పొట్లం ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తున్నవాణ్ణి ఉలిక్కిపడి లేచాను. ఎవరో నా గొంతుతో మాట్లాడుతున్నారు! చూస్తే పక్కన కూర్చున్న ముప్ఫై ఏళ్ల మనిషి ఫోన్‌లో, పడవ ఇంజిన్ పాఠం చెబుతున్నది నేనే. పాఠంలో నా గొంతే గాని మొహం కనబడదు కనుక ఆయన నన్ను గుర్తుపట్టలేదు, నేనూ చెప్పుకోలేదు. కానీ ఆ పాఠం పుట్టడానికి పడ్డ తిప్పలన్నీ కళ్లముందు తిరిగాయి.

మనబోటి పాతకాలపు మాస్టర్లం నల్లబల్ల ముందే ముసలివాళ్లమయ్యాం కదా. పడవల ఇంజిన్ డ్రైవర్ పరీక్షకు వచ్చేవారికి నేను ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను. సముద్రం కింద నుంచి నెట్ కేబుల్ వచ్చిన కొత్తలో, దూరపు దీవులవాళ్లు పోర్ట్ బ్లెయిర్ దాకా రానక్కర్లేకుండా క్లాసు మొత్తాన్ని ఆన్‌లైన్ చేయాలనుకుని, ఎన్నాళ్లు పడుతుందో రాసిమ్మని శిక్షణ కేంద్రంవారు నన్నే అడిగారు. నేను నోట్సు ముందేసుకుని, నలభై గంటల క్లాసు, రోజుకు రెండు గంటలు రికార్డు చేస్తే ఇరవై రోజులు, తడబాట్లకు మరో పది, వెరసి నెల అని దర్జాగా రాసిచ్చాను. రాసిచ్చి ఊరుకున్నానా? దూరపు దీవిలోని హట్ బేలో ఉన్న నా స్నేహితుడి కూతురికి మాట కూడా ఇచ్చేశాను.

ఆ అమ్మాయికి ఏడాది నిండని బిడ్డ. ఓడెక్కి వచ్చి రెండు నెలలు ఇక్కడ ఉండటం కుదిరే పని కాదు, వయసు నిబంధన ప్రకారం ఆ వానాకాలం పరీక్షే ఆమెకు ఆఖరుది. తండ్రి పనిచేసిన పడవల మీదే తానూ పనిచేయాలని చిన్నప్పటినుంచీ పట్టుదల. నెలలో పాఠాలు వచ్చేస్తాయనగానే ఫోన్‌లో ఎగిరి గంతేసినంత పనిచేసింది.

కంప్యూటర్ పాఠాలు తయారుచేయడమే ఉద్యోగంగా ఉన్న మా చెల్లెలి కూతురు నా కాగితం చూసి పగలబడి నవ్వింది. "మావయ్యా, ఇది నువ్వు చదవడానికి పట్టే టైమే. బొమ్మలు, ప్రశ్నలు, చెకింగ్, మళ్లీ రికార్డింగ్, అదంతా కౌన్ కరేగా, ఎవరు చేస్తారు? గంట క్లాసుకి వారం పట్టుద్ది, పక్కా!" నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చిన పాఠానికి వారమేమిటే అని కసిరాను. నెల గడిచేసరికి ఐదంటే ఐదు పాఠాలు తయారయ్యాయి.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. నోట్సులో 'ఇంజిన్ చప్పుడు గమనించుట' అని ఒకే ఒక్క ముక్క ఉంది. ఇదెలా నేర్పేవాడివని మేనకోడలు అడిగితే, క్లాసులో ఎప్పుడు నేర్పానో ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. ఆ సాయంత్రం ఫెర్రీ ఎక్కాక వెలిగింది. నేర్చుకునేవాళ్ల బస బాంబూఫ్లాట్‌లో, నా ఇల్లూ అక్కడే. రోజూ ఇంటికెళ్లే ఆ ఇరవై నిమిషాలూ ఇంజిన్ గది గోడకు చెవి ఆనించమని, ఏ సిలిండరు మందగించిందో చెప్పమని వాళ్లను సతాయించేవాణ్ణి, చెప్పలేనివాడు జెట్టీ దగ్గర టీ పోయించాలన్నది మా నియమం. పరీక్షలో గట్టెక్కించేది ఆ విద్యే. ఇంటికెళ్లే దారిని నేనెన్నడూ పని అనుకోలేదు, అందుకే లెక్కలో వేయలేదు.

హట్ బేకి ఫోన్ చేసి, నా అంచనా తప్పిందమ్మా, పరీక్షలోపు అన్నీ కావు అని చెప్పేశాను. అవతల బిడ్డ ఏడుస్తోంది. బిడ్డను సముదాయిస్తూనే ఆమె, "పుస్తకంలోది నేను చదూకుంటాను బాబాయ్. చెవితో నేర్చేదే ముందు పంపించు, బాకీ పాఠాలు తర్వాత చూద్దాం," అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంత చిన్న ఆలోచన నాకెందుకు రాలేదో!

మూడు వారాలు నేనూ మేనకోడలూ ఫెర్రీలో అటూ ఇటూ తిరుగుతూ, డ్రైవర్‌ను బతిమాలి ఇంజిన్ గదిలో చప్పుళ్లు రికార్డు చేశాం. తీరా ఆ అమ్మాయి ఇంటి దగ్గర నెట్ నత్తనడక, కనుక మా ఆన్‌లైన్ పాఠం మెమరీ కార్డులో కూర్చుని, తెలిసిన నర్సమ్మ చేతిసంచిలో ఓడెక్కి వెళ్లింది. పరీక్ష పాసయ్యానని ఆమె ఫోన్ చేసిన రోజున, చెప్పుకోవడానికి మొహమాటమెందుకు, ఏడ్చేశాను. మిగతా పాఠాలు అయ్యేసరికి ఏడాది దగ్గర పట్టింది, మా మేనకోడలు ఇప్పటికీ దెప్పుతుంది.

మొన్నటి ఫెర్రీ సంగతికొస్తాను. ఆ మనిషి పాఠం ఆపి, వెనక్కి వాలి, ఇంజిన్ గది గోడకు చెవి ఆనించాడు. కనుబొమలు ముడిచి నావైపు తిరిగాడు. "అంకుల్, సునే క్యా, విన్నారా? ఒక సిలిండరు కొంచెం వెనకబడట్లేదూ?"

నేనూ చెవి పెట్టాను. ఊహూ! ముప్ఫై ఏళ్ల ఇంజిన్ల మోతకు నా చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. ఒకప్పుడు ఇదే ఫెర్రీ బల్ల చుట్టూ పదిమంది చేరి నన్ను అడిగేవారు, ఇప్పుడు ఎవరి పాఠం వాళ్ల ఫోన్‌లోనే ఉంది, పక్కవాణ్ణి అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఆ సందడి పోయిందే అని దిగులుగానే ఉంటుంది. అయినా ఈయన అడిగాడు కదా! నాకు వినబడలేదు నాయనా, ఎలా ఉందో నువ్వే చెప్పు అన్నాను. ఆయన నా చింతపండు పొట్లం మీద వేలితో ఆ చప్పుడు కొట్టి చూపిస్తూ, జెట్టీ వచ్చేదాకా ఓపిగ్గా నేర్పాడు.

దిగాక టీ నేనే పోయించాను. ఎందుకో ఆయనకు తెలియదు.