బాంజోకి చిక్కం

సంగీతమంటే మా బావ చెవి కోసుకుంటాడని ఇంట్లో అందరం ఎగతాళి చేసేవాళ్ళం. ఆ మాట ఇప్పుడు ఎవరి నోటా రాదు.

బావ కలప డిపోలో పని చేస్తాడు. దుంగలు మోసుకొచ్చిన లారీలు రెండు కలప గుట్టల మధ్య ఇరుకు దారిలోంచి వెనక్కి రావాలి. వెనక ఏముందో డ్రైవరుకు కనపడదు. బావ లారీ వెనక నిలబడి, చెయ్యి ఊపుతూ, "రానీ, రానీ, ఎడమకి కొట్టు, ఆపు" అని కేకలు వేస్తూ దాన్ని లోపలికి తెస్తాడు. గుట్ట మీద దుంగ కదిలితే పైనున్నవాడు అరుస్తాడు, కింద ఉన్నవాడు పక్కకు దూకాలి. ఆ అరుపుకీ ఈ దూకడానికీ మధ్య ఆలోచించుకునే వ్యవధి ఉండదు. అలాంటి చోట ఇన్నేళ్ళు పని చేసి ఒక్క గోరు కూడా పోగొట్టుకోలేదని బావకి మహా గర్వం. అక్క మాత్రం సాయంత్రం ఆయన చెప్పులు గుమ్మంలో విడిచేదాకా స్థిమితంగా కూర్చోదు. పెళ్ళైనప్పటినుంచీ అదే తంతు.

డిపో వెనక రేకుల గదిలో పనివాళ్ళ బ్యాండు ఒకటి ఉంది. యార్డు సూపర్‌వైజరే అక్కడ డ్రమ్స్ వాయిస్తాడు. క్యాంటీన్ నడిపే ఆవిడ పాడుతుంది. బావది బాంజో. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, తోలు మీద బ్రిడ్జి అనే చిన్న చెక్కముక్కని నిలబెట్టి, దాని మీదుగా తీగలు లాగిన వాయిద్యం అది. గిటారులా గారాలు పోదు. ఉన్నమాట మొహం మీదే అనేసే మేనత్తలా ఖంగుమంటుంది. బావకి అది ఒళ్ళో ఉంటే తిండి అక్కర్లేదు, భార్య అంతకన్నా అక్కర్లేదని అక్క అంటుంది.

నాది ఫోటో ఫ్రేముల కొట్టు. ఒక మధ్యాహ్నం బావ బాంజో పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఒరేయ్ బావమరిదీ, దీని నోరు కట్టెయ్యాలిరా."

"నావల్లేమవుతుంది? మా అక్క నోరే నువ్వు కట్టలేకపోయావు."

బావ వెంటనే నవ్వలేదు. నా మొహం చూసి, నేను నవ్వాక నవ్వాడు. మామూలుగా అయితే నా మాట పూర్తి కాకముందే పదింతలు తిరిగి అంటించేవాడు. ఎండన పడి వచ్చాడు, అలిసిపోయాడనుకున్నాను.

సంగతేంటంటే, బాంజో మోతలో పాడే ఆవిడ గొంతు మునిగిపోతోందని సూపర్‌వైజర్ సణుగుతున్నాడట. "కొత్త తోలు బిగించాను కదా, గట్టిగా ఉంది. కచేరీ దగ్గరపడింది. ఇలాగే మోగితే నన్ను పక్కన కూర్చోమంటాడు," అన్నాడు బావ.

ముందు ఒక పాత తువ్వాలు మడతపెట్టి, తోలు వెనక కుక్కి చూశాం. మోత తగ్గలేదు సరికదా, జలుబు చేసినవాడు తగాదాకి దిగినట్టు వినపడింది. అప్పుడు టేకు ముక్క ఒకటి తీసి, దువ్వెనలాగా మూడు పళ్ళు కోసి, బ్రిడ్జి నెత్తిన గట్టిగా కూర్చునేలా చేశాను. నెత్తిన బరువు పడితే బ్రిడ్జి వణకదు, బ్రిడ్జి వణక్కపోతే తోలు పెద్దగా మోగదు. అది తగిలించి బావ తీగ మీటితే, ఆ ఖంగుమనే గొంతే పక్క గదిలోంచి మాట్లాడినంత మెత్తగా వచ్చింది. కడుపు నిండినట్టయింది నాకు.

"కరిచే దూడకి మూతి చిక్కం కట్టినట్టుందిరా," అని బావ దానికి చిక్కం అనే పేరే పెట్టాడు. తర్వాత నావైపు చూసి, "తగ్గిందా?" అన్నాడు.

"వాయించేది నువ్వు. నన్నడుగుతావేంటి?"

"చెప్పరా. తగ్గిందా లేదా?"

తగ్గిందన్నాను. బావ ఊపిరి వదిలిన తీరు నాకు నచ్చలేదు. ఏదో కేసు కొట్టేశారని విన్నవాడిలా వదిలాడు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. చిక్కం చాలట్లేదు, ఇంకా బరువైనది కావాలన్నాడు. ఈసారి ఇత్తడితో చేశాను. అదీ చాలలేదు. నేను ఎంత నొక్కితే బావ అంత గట్టిగా మీటుతున్నాడని అప్పటికి గమనించాను. తీగల్ని వాయిస్తున్నట్టు లేదు, వాటి చేత ఏదో ఒప్పించాలని చూస్తున్నట్టు ఉంది. శ్రుతి సరిచేసేటప్పుడు బాంజో మెడ చివర చెక్కని పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు.

"ఆకలేస్తే అక్కనడుగు బావా. కర్ర కొరుకుతావేంటి?" అన్నాను.

కళ్ళు మూసుకున్న మనిషి కళ్ళు తెరవలేదు.

ఇంట్లోనూ అదే వరస. అక్క వంటింట్లోంచి పిలుస్తుంది, ఈయన ఉలకడు పలకడు. "పెళ్ళైన మగాళ్ళకి ఒచ్చే చెవుడేరా ఇది. దీనికి మందులేదు," అని అక్క అంటే నేనూ పగలబడి నవ్వాను. ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి తనూ నవ్వాడు.

ఫ్రేములకి చెక్క కొనడానికి ఒకరోజు డిపోకి వెళ్ళాను. భోజనాల వేళ. దుంగలు కోసే పెద్ద రంపం ఆగి ఉంది. రంపం ఆగితే ఆ యార్డులో అవతలివాడు దగ్గినా వినపడుతుంది. బావ మాకు వీపు పెట్టి, ఒక లారీ చక్రం కింద చెక్క దిమ్మ పెడుతున్నాడు. గుట్ట మీంచి ఒక దుంగ జారింది. పైనున్న ఇద్దరూ అరిచారు. నేను "బావా" అని గొంతు చించుకున్నాను. బావ తీరిగ్గా దిమ్మని కాలితో సర్దుతున్నాడు. దుంగ దొర్లుకుంటూ వచ్చి, నేలలో దిగిన ఒక మొద్దుకి తగిలి, సరిగ్గా ఆయన మడమ దగ్గర ఆగింది. నేల అదిరినందుకు కాబోలు వెనక్కి తిరిగాడు. దుంగని చూశాడు. నోళ్ళు తెరుచుకుని నిలబడ్డ మమ్మల్ని చూశాడు. రెప్పపాటులో మొహం సర్దుకున్నాడు.

"ఎందుకంత గోల? వినపడిందిలే. అది అక్కడ ఆగుతుందని నాకు తెలుసు."

గుండె ధైర్యమంటే నీదేనని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్ళలో ఎవరూ ఆయన చేతులు చూడలేదు. నేను చూశాను.

చేతులు కడుక్కోవడానికి బావ షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వెళ్తే, నేను వెంట వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను. మామూలు గొంతుతో, అనకూడని మాట అన్నాను. "బావా, అక్క చచ్చిపోయింది."

బావ సబ్బు నురగ కడుక్కుంటున్నాడు. కడుక్కుని, చేతులు విదిలించి, ఇటు తిరిగి నన్ను చూశాడు.

"ఏంట్రా, మొహం అలా పెట్టావ్?"

"నీకు వినపడట్లేదు బావా."

ఈ మాట ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా అన్నాను కాబట్టి అందింది. బావ అటూ ఇటూ చూసి, నన్ను గోడవారకి లాగాడు. కుడి చెవిలో ఏమీ లేదన్నాడు. ఎడమ చెవిలో ఎప్పుడూ ఒకటే హోరు, దాని వెనక ఎక్కడో మాటలున్నాయని తెలుస్తుంది గానీ ఏ మాటో తెలియదన్నాడు. రంపం పక్కన ఇన్నేళ్ళు నిలబడితే ఇంకేమవుతుందన్నాడు. డాక్టరుకి చూపించుకున్నాడట, చెవికి మిషను పెట్టుకున్నా పెద్ద తేడా ఉండదన్నారట. ఇదంతా అక్కకి చెప్పలేదు.

"మరి బాంజో?"

"పళ్ళతో పట్టుకుంటే పుర్రెలోకి ఒస్తుందిరా. ఛాతీకి ఆనించుకుంటే కొంచెం ఒస్తుంది. ఎంత గట్టిగా వాయిస్తున్నానో మాత్రం నాకు తెలీదు. చిక్కం ఉంటే ఎవరికీ తెలీదు కదా, అందుకని."

నేను చేసింది ఏమిటో అప్పుడు అర్థమైంది. ఆయన ఎముకల దాకా చేరుతున్న ఆ కాస్త చప్పుడుని కూడా నా ఇత్తడి ముక్క మింగేస్తోంది. దాచుకోవడం కోసం తనకి మిగిలినదాన్ని తనే నొక్కించుకుంటున్నాడు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే బయటికొచ్చింది.

"లారీ వెనక నిలబడేవాడివి, నీకేమన్నా బుద్ధుందా? సూపర్‌వైజర్‌కి చెప్పి గేటు దగ్గర పని అడుగు."

"చెవిటోడినని తెలిస్తే ఆయన నన్ను గేటు దగ్గర కూర్చోబెడతాడు. అక్కడితో ఆగుతాడా? చెవిటోడికి బ్యాండెందుకని బాంజో కూడా పక్కన పెట్టిస్తాడు. అది లేకపోతే నేనెందుకురా?" నా చెయ్యి పట్టుకున్నాడు. "నోరు విప్పనని ఒట్టెయ్. మీ అక్క మీద ఒట్టు."

నాకు ఒట్లమీద నమ్మకం లేదు. ఎవడైనా ఒట్టేస్తే నవ్వుతాను. కానీ అంతకుముందే అక్క గురించి అంత మాట అని ఉన్నాను. ఆ నోటితో కాదనలేకపోయాను. ఒట్టేశాను.

అప్పటినుంచీ లారీ వెనక్కి వచ్చే చప్పుడు ఎక్కడ వినపడినా చేతిలో పని ఆగిపోయేది. అక్క ఇంటికి వెళ్ళినప్పుడల్లా చెప్పేద్దామని కూర్చునేవాణ్ణి. అక్క కళకళలాడుతూ కాఫీ ఇచ్చేది, ఏం మాట్లాడవేంటిరా అనేది. ఒకరోజు బావ చొక్కా తెచ్చి నా ముందు పరిచింది. వీపు మీద, ఒక భుజం నుంచి రెండో భుజం దాకా చిరిగి ఉంది. చిరుగు పొడవునా నల్లటి గ్రీజు.

"మేకు పట్టిందంటున్నారు. మేకుకి గ్రీజుంటుందారా?"

ఉండదు. అది లారీ తొట్టి చివర గీసుకున్న చిరుగు. నాకు తెలుసు. అక్క నా కళ్ళలోకి చూస్తోంది. నేను చొక్కా మడతపెట్టి ఇచ్చేశాను.

కొట్టుకి వచ్చి తలుపు మూసుకుని కూర్చున్నాను. నోరు విప్పనని ఒట్టేశాను. నా నోరు. బాంజో నోటి గురించి ఎవరూ నాచేత ఒట్టేయించలేదు. ఇది ప్లీడరు గుమాస్తా తెలివి అని నాకూ తెలుసు. అయినా ఆ పూట నాకు అంతకన్నా మంచి తెలివి తట్టలేదు.

ఫ్రేములకి మేం చవక చెక్క వాడి, పైన బంగారు రంగు పూస్తాం. దూరం నుంచి చూసినవాడికి లోహంలాగే ఉంటుంది. చేతిలో పెట్టుకుంటే బరువుండదు. అలాంటి తేలిక చెక్కతో, ఇత్తడి చిక్కం ఆకారంలోనే ఇంకొకటి చెక్కాను. పళ్ళు వదులుగా కోశాను, బ్రిడ్జిని అంటీ అంటనట్టు కూర్చునేలా. ఇత్తడి రంగు పూశాను. ఇన్నేళ్ళ నా పనిలో అంత నాజూకుగా ఏదీ చెయ్యలేదు.

కచేరీకి ముందు ఆఖరి రిహార్సల్‌కి ఇంటివాళ్ళు కూడా రావచ్చన్నారు. అక్కని తీసుకెళ్ళాను. కుర్చీలు చాలక కొందరు కలప దిమ్మల మీద కూర్చున్నారు. అక్కకి వాయించేవాళ్ళ వెనక ఒక కుర్చీ దొరికింది. బావ చొక్కా గుండీ పెట్టుకోవడానికి బాంజో నా చేతికిచ్చాడు. ఇత్తడిది తీసి జేబులో వేసుకున్నాను, చెక్కది తగిలించాను. బావ బ్రిడ్జి వైపు ఒకసారి చూసుకున్నాడు. పసుపుపచ్చగా మెరుస్తోంది. తృప్తిగా తలాడించాడు.

సూపర్‌వైజర్ పుల్లలతో తాళం ఇచ్చాడు. బావ ఆయన కాలినే చూస్తున్నాడు, ఆ కాలు నేల తాకగానే ఎత్తుకున్నాడు. రేకులు అదిరాయి. క్యాంటీన్ ఆవిడ నోరు తెరిచింది గానీ పాట ఎవరికీ వినపడలేదు. ఆవిడ ఇటు తిరిగి చూసి, పాట ఆపేసింది. జనం చెవులు మూసుకున్నారు. సూపర్‌వైజర్ "తగ్గించు, తగ్గించు" అన్నాడు, తర్వాత అరిచాడు, తర్వాత పుల్లలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

బావ అవేవీ చూడలేదు. అప్పటికే కళ్ళు మూసుకున్నాడు. బాంజోని ఛాతీకి ఇంకా దగ్గరగా లాక్కుని వాయిస్తున్నాడు. ఆయన మొహం మీద, పెళ్ళినాటి ఫోటోలో తప్ప నేనెప్పుడూ చూడని సంతోషం ఉంది. గది మొత్తం ఆగిపోయిన తర్వాత కూడా చాలాసేపు ఒక్కడే వాయించాడు. సూపర్‌వైజర్ లేచి వచ్చి, ఆయన వీపు వెనక నిలబడి, చెవి పక్కనే గట్టిగా చప్పట్లు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. బావ చెయ్యి ఒక్క మీటు కూడా తప్పలేదు. సూపర్‌వైజర్ మొహం పాలిపోయింది. రోజూ లారీ వెనక నిలబెడుతున్నది ఎవరినో ఆయనకి అప్పుడు తెలిసింది.

పాట తనంతట తను పూర్తి చేసి బావ కళ్ళు తెరిచాడు. తిన్నగా నావైపు చూశాడు. గది ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలియదు కాబట్టి, అందరికీ వినపడేంత పెద్ద గొంతుతో అన్నాడు.

"ఇవాళ నాకు వినపడిందిరా."

అక్క కుర్చీలోంచి లేచింది. ఆయన వెనక నుంచి రెండడుగులు వేసింది.

"ఇవాళ వినపడిందా? మరి ఇన్నాళ్ళూ?" అని అడిగింది.

బావ ఇంకా నావైపే చూస్తూ నవ్వుతున్నాడు.