వెండెల్ నింపిన ఆఖరి డబ్బా

మా ఆయన వెండెల్ మార్చి నెలలో పోయాడు. క్లియర్‌వాటర్ నది ఒడ్డున కలప మిల్లులో ముప్పై ఏడేళ్ళు రంపాలకు సాన పట్టినవాడు. పంటికీ పంటికీ వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాడు కాదు. ఆయన గురించి రాసేంత చదువు నాకు లేదు, ఎనిమిదో తరగతితో మానేశాను. అయినా ఆయన చేతుల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకునేదాన్ని.

ఒక చలికాలం మిల్లు మూతపడితే, ఊరికే కూర్చోలేక, తన పిస్తోలుకు తూటాలు తనే నింపుకోవడం మొదలుపెట్టాడు. స్నేహితుడు హార్లన్ తూటాలు నింపే పాత చేతిమర, ప్రెస్సు, ఒకటి ఇచ్చాడు. దాన్ని నా వంటింటి బల్లకు బిగించబోతే నేను ఒప్పుకోలేదు. కింద నేలమాళిగలో పెట్టుకున్నాడు. పేల్చిన ప్రతిసారీ ఆ పిస్తోలు ఖాళీ ఇత్తడి డొల్లను కుడిపక్కకు విసిరేస్తుంది. గడ్డిలో మోకాళ్ళ మీద పాకి వాటిని ఏరడం నా వంతు.

"పెళ్ళినాడు పాస్టరుగారు ఈ మాట చెప్పలేదే" అనేదాన్ని.

"చెప్పుంటే పారిపోయేదానివి. అదిగో, నీ బూటు కింద ఒకటుంది చూడు" అనేవాడు.

డొల్లను శుభ్రం చేసి, ప్రెస్సులో నొక్కి మళ్ళీ కొలతకు తేవాలి. అడుగున, దెబ్బ తగలగానే మందు అంటించే కొత్త నిప్పు బిళ్ళ పెట్టాలి. తుపాకి మందు తూచి పోయాలి. పైన గుండు బిగించాలి. మందు పోశాక యాభై గుంటల చెక్కలో డొల్లలను నిలబెట్టి, అన్నిటిలో మందు సమంగా ఉందో లేదో ఒక్కొక్కదానిలోకీ టార్చిలైటు వేసి చూసేవాడు. అప్పుడు ఎవరూ పలకరించకూడదు. ఒకసారి కూర మాడిపోతోందని చెప్పడానికి దిగితే, "ఇల్లు తగలబడుతున్నా సరే, ఈ చెక్క అయ్యాకే" అన్నాడు.

ఆయన పోయాక ఆరు డబ్బాలు మిగిలాయి, డబ్బాకు యాభై తూటాలు. మూతల మీద తారీఖులు ఆయన చేతిరాతలోనే ఉన్నాయి. మే నెలలో మా ఊరి షూటింగ్ క్లబ్బు పోటీ. ఆ రోజు హార్లన్ వాటిని పేల్చాలని నా కోరిక. సమాధి మీద పూలకంటే వెండెల్‌కు అదే మర్యాద అనిపించింది.

హార్లన్ వచ్చి కాఫీ తాగాడు. డబ్బాలను మాత్రం ముట్టలేదు.

"ఒకరు నింపినవి ఇంకొకరు పేల్చరు వెర్నా. నీకు తెలియంది కాదు."

"ఇంకొకరా? నలభై ఏళ్ళు నా చేతి వంట తిన్నావు."

"తిన్నాను. నీ బిస్కట్లు కూడా తిని బతికున్నాను. ఇది వేరు."

"వెండెల్ చేతిమీద నమ్మకం లేదా నీకు?"

కప్పు కింద పెట్టాడు. "విప్పేసెయ్" అని, అందుకు వాడే ప్లాస్టిక్ సుత్తి ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. తూటాను ఆ సుత్తి తలలో బిగించి దిమ్మ మీద కొడితే గుండూ మందూ ఊడివస్తాయి.

నాకు ఒళ్ళు మండింది. సరే, విప్పే చూపిస్తాననుకున్నాను. రోజూ పొద్దున కొన్ని విప్పి, ఒక్కొక్కదాని మందూ ఆయన త్రాసులోనే తూచాను. అయిదు డబ్బాల్లో ఎక్కడా రవ్వంత తేడా లేదు. హార్లన్‌ను పిలిచి ముఖం మీదే అడగాలనుకున్నాను.

ఆరో డబ్బా మీద జనవరి తారీఖు ఉంది. అందులో నాలుగోదాన్ని విప్పితే మందే లేదు. ఒలికిందేమోనని నేలంతా వెతికాను. పదకొండోదానిలో రెండింతలుంది. అది పేల్చి ఉంటే పిస్తోలు చేతిలోనే పగిలిపోయేది. ఆ మాత్రం నాకు తెలుసు. ఆయన ముక్కాలిపీట మీద కూర్చున్నాను.

ఆ జనవరిలో కాఫీలో ఉప్పు వేసుకున్నాడు. నేను నవ్వాను. నన్ను వాళ్ళక్క పేరుతో పిలిచాడు. అప్పుడూ నవ్వాను.

కబురు చేస్తే హార్లన్ వచ్చి, త్రాసు పక్కనున్న మందు చూసి టోపీ తీశాడు.

"నీకు ముందే తెలుసు" అన్నాను.

"జనవరిలో క్లబ్బులో వెండెల్ పేల్చినదొకటి తుస్సుమంది. గుండు గొట్టంలోనే ఇరుక్కుంది. అది చూసుకోకుండా దాని వెనక ఇంకోటి పేల్చబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టేయించుకున్నాడు. 'వెర్నాకి తెలిస్తే రోజంతా నన్నే చూస్తూ కూర్చుంటుందిరా' అన్నాడు. మందు డబ్బాలన్నీ ఆ సాయంత్రమే మా ఇంట్లో పెట్టేశాడు."

"అబద్ధం. ఫిబ్రవరి అంతా మధ్యాహ్నాలు కిందే ఉన్నాడు. పైన అంట్లు తోముకుంటూ ప్రెస్సు చప్పుడు వింటూనే ఉన్నాను."

 హార్లన్ వంగి బల్ల కింది నుంచి ఒక కాఫీ డబ్బా లాగాడు. దాని నిండా ఇత్తడి డొల్లలు. నిప్పు బిళ్ళ లేదు, మందు లేదు, గుండు లేదు. ఒకదాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. ఒరుసుకుని ఒరుసుకుని దాని పక్కలు అద్దంలా ఉన్నాయి.

"వీటినే మళ్ళీ మళ్ళీ నొక్కాడు వెర్నా. ఉత్తవాటినే."

ఆ ఆఖరి డబ్బా సంగతి మరిచిపోయాడో, విప్పి చూసుకునే ధైర్యం లేకపోయిందో నాకు తెలియదు. రెండు నెలలు ఆ భయాన్ని ఒక్కడే మోశాడు. నేను పైన చప్పుడు వింటూ, మనిషి కులాసాగానే ఉన్నాడనుకున్నాను.

పోటీ రోజున హార్లన్ పక్కన కూర్చున్నాను. తను నింపుకున్నవే పేల్చాడు. తర్వాత క్లబ్బు పెద్దాయన లేచి, వెండెల్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, "ఆ చెయ్యి ఒక్కసారైనా తప్పలేదు" అని నావైపు చూశాడు. అందరూ నావైపే చూశారు.

"తప్పింది" అన్నాను. "తప్పిన రోజే తుపాకి మందు ముట్టడం మానేశాడు."

హార్లన్ తల వంచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.