ఉత్తరాల పడవ కిటికీలు

నా భార్య గున్వోర్ ఇరవై రెండేళ్ళు మా దీవుల మధ్య ఉత్తరాల పడవ నడిపింది. సంచులతో పాటు ఆరుగురు మనుషుల్ని ఎక్కించుకునేది. చలికాలంలో మా ముసలివాళ్ళకు డాక్టరు దగ్గరికైనా, కొట్టుకైనా అదొక్కటే దారి. గాలివాన మీద గానీ మంచు మీద గానీ ఆమెకు విసుగు లేదు. విసుగంతా కిటికీల మీదే.

క్యాబిన్ చిన్నది. నవంబరులో మనుషులు ఎక్కి కూర్చోగానే అద్దాలు పాలు పోసినట్టు తెల్లబడేవి. ఒక చేతిలో చుక్కాని, ఇంకో చేతిలో గుడ్డ. తుడిచిన చోటే నిమిషంలో మళ్ళీ ఆవిరి. ఒక ఏడాది అలా రెండుసార్లు రేవు గట్టుకు గుద్దింది. తనిఖీ అధికారి కబురు పెట్టాడు, నెలాఖరుకు వచ్చి చూస్తాననీ, ముందు అద్దంలోంచి దారి కనబడకపోతే ఇకమీదట ఉత్తరాలే తప్ప మనుషుల్ని ఎక్కించకూడదనీ.

మేం చెయ్యని పని లేదు. కిరోసిన్ పొయ్యి మండుతూ తనే ఆవిరి వదులుతుందని దాన్ని తీసేసి, పొగగొట్టం ఉన్న డీజిల్ పొయ్యి పెట్టాను. ముందువైపు కింద ఒక గాలి కన్నం, వెనకవైపు పైన ఒకటి కోశాను. చల్లగాలి లోపలికొచ్చి, వేడెక్కి, తేమను మోసుకుని బయటికి పోవాలి. ఖాళీ పడవలో అలాగే పోయేది. మనుషులు ఎక్కితే మళ్ళీ పాలు.

దాంతో గున్వోర్ మనుషుల మీద పడింది.

"తడి చేతితొడుగులు పొయ్యి మీద ఆరేయకండి. బయట వేలాడదీయండి."

"బయట గడ్డకడతాయి కదమ్మా," అన్నాడు గొర్రెలు పెంచే తూరే.

"గడ్డకడితే కట్టనీ. ఆవిరి కక్కవు. ఇంకోటి, మాటలు తగ్గించండి. నోరు తెరిస్తే ఆవిరి."

"అయితే ముందు నువ్వే మూసుకో," అంది ఎల్నా పెద్దమ్మ.

అందరూ నవ్వారు. గున్వోర్ నవ్వలేదు.

కాఫీ మాత్రం ఆపలేకపోయింది. పదింటికి ఫ్లాస్కుల మూతలు తెరుచుకునేవి. మా దగ్గర కాఫీ తాగొద్దనడమూ పడవ దిగిపొమ్మనడమూ ఒకటే.

తనిఖీకి ముందురోజు నేనూ ఎక్కాను. రేవు దాటగానే, ముందు బెంచీ మీదున్న ఎల్నా పెద్దమ్మ వంగి, సంచిలోంచి ఉన్ని మేజోడు తీసి గాలి కన్నంలో కుక్కింది. రోజూ చేసే పనిలా. గున్వోర్ కళ్ళు ఎప్పుడూ అద్దం మీదే, నేను చూసింది ఎప్పుడూ ఖాళీ పడవే. నెలరోజుల మా పాట్లన్నీ ఆ ఒక్క మేజోడు పాలయ్యాయి.

"పెద్దమ్మా, ఏంటా పని?"

"మోకాళ్ళకు సూదుల్లా గుచ్చుతుంటే ఏం చెయ్యమంటావ్? ఎవడో బుద్ధిలేనివాడు సరిగ్గా నా కాళ్ళ దగ్గరే కన్నం పెట్టాడు."

"ఆ బుద్ధిలేనివాణ్ణి నేనే."

"అనుకున్నాలే."

వెనక పొయ్యి పక్కన కూర్చోమన్నాను. వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందట.

ఆ సాయంత్రం గున్వోర్‌తో అన్నాను, "ఆవిణ్ణి రేపటి నుంచి రావద్దని చెప్పు."

"ఎనభై ఒక్కేళ్ళ మనిషి. డాక్టరు దగ్గరికి ఈదుకుంటూ పోతుందా?"

"అయితే కన్నం మూసెయ్యమంటావా?"

"మూస్తే ఎలా? గాలి రావాలి. వచ్చిన గాలి ఎవరో ఒకరి మోకాళ్ళకు తగలాలి. నావైపు తిప్పు."

వద్దని పోట్లాడాను. చివరికి రేకు వంచి, కన్నం నుంచి ఆమె కుర్చీ కుడిపక్కకి గొట్టం పెట్టింది నేనే. మర్నాడు అధికారి వచ్చాడు. ఆరుగురు మనుషులు, ఆరు కాఫీలు. అద్దంలోంచి అవతలి రాళ్ళ మీది పక్షులు కూడా కనబడ్డాయి. అతను సంతకం పెట్టాడు.

తర్వాత పదకొండు చలికాలాలు ఆ గాలి ఆమె కుడి మోకాలి మీదే. చివరికి మా ఇంటి మెట్లు కూడా ఎక్కలేకపోయేది. గొట్టం పీకేస్తానని నేనన్నప్పుడల్లా ఒకటే మాట, "పీకు, ఎల్నాకు నువ్వే చెప్పుకో."

మొన్న మార్చిలో గున్వోర్‌ను పాతిపెట్టి, చర్చి హాల్లో కాఫీకి కూర్చున్నాం. తొంభై దాటిన ఎల్నా పెద్దమ్మ నా పక్కకు జరిగింది.

"గున్వోర్ పడవ ఎప్పుడూ వెచ్చగా ఉండేదయ్యా. చలన్నదే తెలిసేది కాదు."

ఆవిడ కప్పులో మళ్ళీ కాఫీ పోశాను.