బురుజు చూపించే డాక్టరు

ఉదయగిరిలో డాక్టరు జనార్దనయ్య దగ్గరికి ఏ జబ్బుతో పోయినా ముందు కొండ చూడాల్సిందే. వరండాలో నిలబెట్టి, "కోట బురుజు చూడు, రెప్ప వాల్చొద్దు" అంటాడు. తేలు కుట్టి లబోదిబోమంటున్న కొండలయ్య చేత కూడా ముందు బురుజే చూపించాడు. కొండెక్కే ఓపిక లేనివాళ్లు ఆయన దగ్గరికి పోతే చాలని ఊళ్లో ఎగతాళి.

రిటైరైన టీచరు లిదియమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఒంటరి మనిషి. పొద్దు వాలేసరికి ఎడమ రెప్ప వాలేది, మాట ముద్దయ్యేది. తాగిందేమోనని ఎవరో గుసగుసలాడారు. దాంతో చర్చిలో పాట మానేసి, గడప దాటడమే మానేసింది. కళ్లజోడు మార్చాలేమోనని ఒక సాయంత్రం ఆయన దగ్గరికి వచ్చింది.

బురుజు చూస్తుండగానే రెప్ప జారింది. జనార్దనయ్య సోడా కొట్టు నుంచి ఐసు తెప్పించి, రుమాలులో చుట్టి కంటి మీద పెట్టాడు. తీసేసరికి రెప్ప లేచింది. చల్లదనానికి లేచే రెప్పయితే జబ్బు కంటిది కాదని ఆయనకు తెలుసు. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

నెల్లూరులో స్కానింగు తీయిస్తే, రొమ్ముటెముక వెనక థైమస్ అనే గ్రంథిలో గడ్డ కనబడింది. నూటికో కోటికో ఒకరికి వచ్చేది. మద్రాసులో ఆపరేషన్ చేయించాలి, ఆలస్యమైతే ఊపిరికే ముప్పన్నాడు జనార్దనయ్య.

"కంటికి జబ్బైతే ఛాతీ కోసేదేంది డాక్టరు గారూ?"

"రెప్పకి బలం లేకుండా చేసేది ఆడ ఉండాది టీచరమ్మా."

ఆమె స్కానింగు కాగితాలు సంచీలో కుక్కి లేచింది. "ఆసుపత్రిలో నాకు తోడెవరుండారు? వద్దులెండి."

జనార్దనయ్య క్లినిక్కుకు తాళం వేసి, ఆమె సంచీ అందుకున్నాడు.

ఆత్మకూరు బస్టాండులో బస్సు ఆగితే కండక్టరును కూడా పైకి చూడమన్నాడు. మద్రాసు వార్డులో కొండ లేదు గనక రోగులంతా ఫ్యాను చూశారు. పేషెంటుకు మీరేమవుతారని నర్సు అడిగితే, తడబడి, "ఉదయగిరి" అన్నాడు. లిదియమ్మకు ఎన్నాళ్లకో నవ్వొచ్చింది.

గడ్డ పోయింది. మాత్రలతో మెల్లమెల్లగా రెప్ప నిలిచింది, చర్చిలో పాట తిరిగొచ్చింది. ఇక ఏడాదికోసారి చూపిస్తే చాలని మద్రాసు డాక్టర్లు కూడా చెప్పేశారు. అయినా జనార్దనయ్య రోజూ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి బురుజు చూడమంటాడు. తర్వాత టీ తాగి, ఊరి కబుర్లన్నీ చెప్పి, చీకటి పడ్డాక లేస్తాడు. ఆ కాసేపటి కోసం పగలంతా ఎదురుచూస్తున్నానని ఆమె ఎవరితోనూ అనలేదు. ఆయనకూ ఇంటి దగ్గర గోడలే దిక్కు.

ఒకనాటి సాయంత్రం ఆయన, "రెప్ప గట్టిగా ఉండాది. ఇంక నేను వచ్చే పన్లేదేమో" అని గొణిగాడు.

లిదియమ్మ బురుజు వంక చూస్తూ చూస్తూ రెప్ప కాస్త వాల్చింది. కంగారులో ఎడమది వాల్చబోయి కుడిది వాల్చింది.

జనార్దనయ్య వంగి, ఆ కుడి రెప్పను ఎంతో గంభీరంగా పరీక్షించాడు.

"రేపు మళ్లీ చూడాల టీచరమ్మా."